పాత మందిరమును విశాలపరచుట

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పాత మందిరములు గల సంఘములు అనేకము నేడు ఒకే ప్రశ్న యెదుట నిలిచియున్నవి. క్రిస్మసు దినమున జనము వసారాలోను, చెట్టు క్రిందను కూర్చుండవలసి వచ్చుచున్నది. గోడలు బీటలు వారినవి. పడగొట్టి క్రొత్తది కట్టుదమా, పాతదానినే బాగుచేసి ప్రక్కకు పెంచుదమా? పెద్దల కూటములో ఇది ఖర్చు లెక్కగానే మొదలగును. అయితే దాని వెనుక వేరొక ప్రశ్న ఉన్నది: ఈ గుడి ఎవరిది?

మన ప్రాంతపు సంఘములు గోడలతో ఆరంభము కాలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూవెట్ దంపతులును, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. అక్కడ రాతిమీద రాయి పెట్టినవారు లేరు. 1867 జనవరి 1న క్లౌ గారు ఎనిమిది మందితో ఒంగోలు సంఘమును ఏర్పరచిరి. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హాము కాలువ పనిలో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. కూటికొరకు చేరిరను మాట రాకుండ ఆ దినములలో బాప్తిస్మములు ఆపివేసిరి. పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున వారికి ఏ గుడి చాలియుండును? నది చాలినది.

అట్లని గోడ వట్టిదే అనుట తొందరపాటు. ఊరి గుడి గడప త్రొక్కనియ్యని దినములలో మన పెద్దలు బ్రదికిరి. తమ పేటలో లేచిన సున్నపు గోడయు, తమకొరకు మ్రోగు గంటయు వారికి మానముతో సమానము. ఇటుకలు మోసిన ఆ చేతుల పేర్లు ఏ రాతిమీదను లేవు. అందుచేత పడగొట్టుటకు చేయెత్తకముందు కాసేపు ఆగుట న్యాయము.

ఎజ్రా గ్రంథము మూడవ అధ్యాయములో క్రొత్త మందిరపు పునాది వేయగా అనేకులు సంతోషముతో కేకలు వేసిరి. మొదటి మందిరమును చూచిన వృద్ధులు బిగ్గరగా ఏడ్చిరి. ఏది ఏడుపో, ఏది సంతోషమో జనులకు తెలియలేదు. ఆ ముసలివారిని అక్కడ ఎవరును గద్దించినట్లు వ్రాయబడలేదు. మన కట్టడపు కమిటీలలో మాత్రము ముసలమ్మలకు చోటు కనబడదు. ఏ మూలను వాన కారునో, ఏ వైపు గాలి వచ్చునో, నేలను ఊడ్చినవారికి తెలియును గదా!

మన నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలు విచ్చును. చాలచోట్ల బీటలకు కారణము గోడ ముసలితనము కాదు, పునాది క్రింది ఈ కదలికయే. పునాది నేల కదలని లోతుకు దిగకున్నచో, రేపటి గోడయు బీటవారును. సున్నముతో కట్టిన గోడకు సిమెంటు పూత పూసిన, చెమ్మ బయటికి పోలేక ఇటుకను తినివేయును. క్రొత్త భాగమును పాతగోడకు బిగించి కట్టిన, పాతది ఎన్నడో కుదురుకొన్నది గనుక నిలుచును, క్రొత్తది క్రుంగును, నడుమ చీలును. అందుకే తెలిసిన ఇంజనీర్లు రెంటి నడుమ సందు విడుచుదురు. సంఘములో పాతవారికిని క్రొత్తవారికిని నడుమ కూడ అట్టి సందు కొంచెము విడిచిన మేలేమో!

ఇక డబ్బు సంగతి. ఇంటికింత అని చందా నిర్ణయించి, ఇయ్యనివారి పేర్లు ఆరాధనలో చదువు వాడుక కొన్నిచోట్ల ఉన్నది. పత్తికి పురుగు తగిలి, మిరపకు ధర పడిపోయి, అప్పులో నున్న కౌలురైతు ఆ ఆదివారము గుడికి ఏ ముఖముతో వచ్చును? రెండు కాసుల విధవరాలిని చూపి ఈ పనిని సమర్థింతుము. మార్కు పండ్రెండవ అధ్యాయమును పైనుండి క్రిందికి చదివి చూడుడి. ఆమె కథకు ముందే ప్రభువు విధవరాండ్ర యిండ్లు దిగమ్రింగు శాస్త్రులను తప్పుపట్టెను. ఆమె కాసులు వేసిన పిమ్మట, పదుమూడవ అధ్యాయము మొదటనే, శిష్యులలో ఒకడు ఆ దేవాలయపు రాళ్లను మెచ్చుకొనగా, అవి పడద్రోయబడునని చెప్పెను. ఆమె హృదయము ఘనమైనది. ఆమె కాసులు అడుగుటకు మనకు దానివలన అధికారము రాదు.

రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయములో యోవాషు దినములలో ఇరువది మూడవ యేట వరకు మందిరము బాగుపడలేదు. పిమ్మట యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర పెట్టెను. పెట్టెలో ఎవరు ఎంత వేసిరో చెప్పు జాబితా అక్కడ లేదు. ఆ ద్రవ్యము వెండి పాత్రలకు పోలేదు. వడ్రంగులకు, కాసెపనివారికి, రాళ్లకు, మ్రానులకు పోయినది. మనము దాతల పేర్లు చెక్కించు పాలరాతి పలకల ఖర్చును మేస్త్రీ కూలికి కలిపినచో, ఎంత గోడ లేచునో లెక్క వేసికొనవచ్చును. అట్టి పెట్టెను చేయుటకు ఊరి వడ్రంగికి ఒక పూట చాలును. ఈ కోతపండుగకే దానిని గుమ్మము దగ్గర పెట్టవచ్చును. మిరప అమ్మకము వరకు ఆగనక్కరలేదు.