ప్రాణలింగము – శ్వాసయంత్రము



గోదావరి తీరమందలి లక్సెట్టిపేటనుండి ఊపిరాడని పెద్దను కరీంనగరమునకో, హైదరాబాదునకో కొనిపోయిన కుటుంబమునకు, వైద్యుడు వెంటిలేటరు పెట్టవలెననగానే రెండు భయములు కలుగును. ఇక ఆశ లేదా అనునది మొదటిది. పిమ్మట యంత్రము తీయవలసివచ్చిన ప్రాణము తీసిన పాపము చుట్టుకొనునా అనునది రెండవది.

వెంటిలేటరు రోగమును కుదుర్చదు. నోటిగుండ శ్వాసనాళములోనికి దింపిన గొట్టముద్వారా గాలిని పంపి, మందు పనిచేయువరకు వ్యవధి నిచ్చును. గొట్టముండుటచే రోగి మాటాడలేడు. బాధ తెలియకుండ మత్తుమందు నిత్తురు. ఆ మౌనమును మరణమని తలపరాదు. స్థితి కుదుటపడిన కొలది మత్తు తగ్గించి, స్వయముగా శ్వాసింపగలడేమో పరీక్షింతురు. కొందరు కోలుకొందురు, కొందరు కోలుకొనరు. దినములు గడచిన కొలది న్యుమోనియా, కండరముల నీరసము వంటి చిక్కులు పెరుగును.

1952లో కోపెన్‌హాగెను నగరమున పోలియో ప్రబలి యంత్రములు చాలనపుడు, ఇబ్సెన్ అను వైద్యుడు రోగుల గొంతున గొట్టము లమర్చు పద్ధతిని చూపెను. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్ళు చేతితో సంచి నొక్కి వారికి ఊపిరి నందించిరి. మరణములు సుమారు సగమునకు తగ్గెను. బసవేశ్వరుడు బోధించిన కాయకము, దాసోహము ఇట్టివే గదా! నేటి యంత్రము చేయుచున్నది ఆ చేతుల పనియే.

కుటుంబమునకును కాయకము కలదు. వైద్యునితో మాటాడుట కొకరిని ఏర్పరచుకొనుడు. ప్రాణవాయువు అవసరము తగ్గినదా, మూత్రపిండములు, గుండె ఎట్లున్నవి, ఈ చికిత్సవలన ఏమి ఆశింపవచ్చునని నిత్యము అడుగుడు. రోగి చేయి పట్టి పేరుపెట్టి పలుకరింపుడు. ఇష్టలింగమును గొట్టములకు అడ్డురాని చోట నుంచుటకు నర్సు అనుమతి వేడుడు. తీయవలసివచ్చినచో శుచిగా భద్రపరచుడు. విభూతి పొడి గొట్టము చెంత రాలనీయకుడు.

ఇక రెండవ భయము. ప్రాణలింగి స్థలమున భక్తుడు తన ప్రాణమందే లింగమును దర్శించును. ఆ ప్రాణము యంత్రములో లేదు. కోలుకొను ఆశ లేనపుడు, గౌరవముగా మరణించుట జీవించు హక్కులో భాగమని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023లో సరళము చేసిన పద్ధతి ప్రకారము రెండు వైద్యమండళ్ళు పరిశీలించిన పిమ్మటనే యంత్రము తీయుట జరుగును. అపుడును ఆయాసము తెలియకుండ మందులు, సేవ కొనసాగును. రోగము తన గతిని తాను పోవును. ఆ పాపము బిడ్డలది కాదు. భూమి నమ్మి యంత్రమును నిలుపుట భక్తికి కొలబద్దయు కాదు.

కావున పెద్దలు ఆరోగ్యముగా నున్నపుడే తమ కోరికను ఇంట చెప్పవలెను. ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసి నోటరీచే ధ్రువపరచుకొనవచ్చును. బిడ్డలకు అంతకుమించిన ప్రసాదము లేదు.

శరణు శరణార్థి.