కడపటి కృతియు శ్రోతల న్యాయమును

మనుష్యుడు చేసిన పనులలో కడపటిదానిని తూచుటకు లోకము వేరొక తూనికరాయి వాడుచుండును. పోయినవారి పని గనుక దోషమెంచరాదని కొందరు జాలి చూపుదురు. ఈ జాలిని చూచియే కాబోలు మన పెద్దలు "చచ్చినవాని కండ్లు చారెడు" అను సామెత చెప్పిరి. మరికొందరు మునుపటి సత్తువ యేదీ యని పెదవి విరుతురు. ఒకరిది దయ, ఒకరిది నిక్కచ్చి యని తోచును గాని, ఇరువురును కృతిని చూచుటలేదని మా యభిప్రాయము. ఇందుకు ఇంగ్లండు దేశపు సంగీత చరిత్రనుండి యొక నిదర్శనము చూపెదము.

అమెరికా దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతివారి కష్టసుఖములనుండి పుట్టిన గానమునకు బ్లూస్ అని పేరు. 1960 తరువాత ఆంగ్లేయ యువకులు పలువురు దాని నభ్యసించి, విద్యుత్ గిటార్ల మ్రోతను, డ్రమ్ముల గట్టి దెబ్బను దానికి జోడించిరి. ఆ త్రోవలో మిక్కిలి పేరొందిన బృందములలో 1968లో ఏర్పడిన లెడ్ జెపెలిన్ ఒకటి. గిటారు జిమ్మీ పేజ్‌ది, పాట రాబర్ట్ ప్లాంట్‌ది, డ్రమ్ములు జాన్ బోనమ్‌వి, బేస్ గిటారును కీబోర్డును జాన్ పాల్ జోన్స్‌వి.

1978వ సంవత్సరాంతమున వీరు స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోములో ఏడు పాటలు రికార్డు చేసి, 1979 ఆగస్టులో "ఇన్ త్రూ ది అవుట్ డోర్" అను పేర ఆల్బముగా వెలువరించిరి. వెలుపలికి పోవు వాకిట లోనికి వచ్చుట యని దాని భావము. ఇంగ్లండులోను అమెరికాలోను అది అమ్మకములలో మొదటి స్థానము నందెను. అయినను శ్రోతల మాట యొక్కటి కాలేదు. ఇందు గిటారు వెనుకకు జరిగి, జోన్స్ సింథసైజరు ముందునకు వచ్చెను. "కారుసెలాంబ్రా" యను పాట పది నిమిషములకు పైగా ప్రధానముగా ఆ వాద్యము మీదనే నడచును. రెండు పాటల రచనలో పేజ్ పేరే లేదు. ఇది మేమెరిగిన బృందము కాదని కొందరనుచు వచ్చిరి. క్రొత్త త్రోవ తొక్కుట మెచ్చదగినదని మరికొందరు.

1980 సెప్టెంబరు 25న బోనమ్ మరణించెను. అప్పుడు అమెరికా యాత్రకై సాధన జరుగుచుండెను. డిసెంబరులో మిగిలిన మువ్వురును ఇక కొనసాగజాలమని ప్రకటించిరి. 1982లో వచ్చిన "కోడా" వెనుకటి రికార్డులలో మిగిలిపోయిన పాటల కూర్పే గనుక, 1979 నాటిదే కడపటి కృతియైనది. అందు చివరనున్న మందగతి బ్లూస్ పాటలో వీడ్కోలు వినబడుచున్నదనువారు కలరు. పాడినవారికి అది వీడ్కోలని తెలియదు. ఆ ఆల్బము కొంత మెత్తబడినదని తానును బోనమును తలచితిమనియు, తరువాతిది గట్టిగా నుండవలెనని మాటలాడుకొంటిమనియు పేజ్ పిమ్మట చెప్పియున్నాడు. మృత్యువు నడుమ తెంపిన వాక్యమును, కర్త కోరి ముగించిన వాక్యమువలె చదువుట న్యాయమా? స్వరములలో ఒక్కటియు మారలేదు. వినువారికి తెలిసినది మాత్రమే మారెను.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న "ఆల్ మై లవ్" అను పాట విషయమున కలుగుచున్నది. 1977 జూలైలో ప్లాంట్ యొక్క అయిదేండ్ల కుమారుడు జబ్బుచేసి మరణించెను. తండ్రి అప్పుడు కచేరీలకై అమెరికాలో నుండెను. ఆ బిడ్డను తలచి పాడిన పాట యిది. ఇది మరీ మెత్తనిదనియు, వెగటు పుట్టించునంత తీపియనియు అనువారు కలరు. పుత్రశోకము సంగతి తెలిసిన పిమ్మట ఆ మాట యనుట పాపమా?

పాపమని మేమనము. శోకము నిజమైనంతమాత్రమున పాట గొప్పది కానేరదు. నిజమైన కన్నీటితో వ్రాసిన చెడ్డ పద్యములు ఏ భాషలోనైనను కలవు. శోకమును చూపి విమర్శకుని నోరు మూయించినచో, పాటను పాటగా నెంచుట మానినట్లే యగును. అది పాడినవానికి గౌరవము కాదు. మాకు ఈ పాట మంచిదిగానే తోచినది. "కారుసెలాంబ్రా" మాత్రము సగమునకు కుదించిన బాగుండెడిది.

అయితే "ఈ పాట బాగులేదు" అనుట వేరు, "వీరు ఇట్టి పాట పాడరాదు" అనుట వేరు. మొదటిది శ్రోత హక్కు. రెండవ మాట యన్నవాడు, తన యౌవనమున విన్న ధ్వనిని మరల వినుటకై ఆ తండ్రి మారకుండ నుండవలెనని కోరుచున్నాడు. బిడ్డను మట్టిచేసి వచ్చినవాడు మునుపటివలెనే గొంతెత్తి గర్జింపవలెనని శాసించు నధికారము టిక్కెట్టు కొన్నంతమాత్రమున ఎవరికిని రాదు.

ఈ ఆల్బమునకు ఆరు వేర్వేరు అట్టలు వేసిరి. మద్యశాలలో నొకడు కాగితము కాల్చుచున్న క్షణమును, అచ్చటి ఆరుగురు ఆరువైపులనుండి చూచినట్లు అవి చూపును. పైన కాగితపు సంచి తొడిగిరి గనుక, కొనువానికి తన కేది దొరకునో తెలియదు. శ్రోతల యభిప్రాయ భేదమును ఇట్టిదేయని సరిపెట్టుకొనవచ్చునా? కూడదు. ఆ యారుగురును ఆ గదిలో నుండి కంటి యెదుటి దానినే చూచిరి. పాత కీర్తినో తరువాతి మరణమునో పట్టుకొని తీర్పు చెప్పువాడు ఆ గదిలోనికి రానేలేదు.

కావున కడపటి కృతిని తూచునప్పుడు, కర్త బ్రతికి మన యెదుట కూర్చుండి వినుచున్నాడని యెంచుకొనవలయును. అతని ముఖము చూచి యే మెప్పు, యే తప్పు చెప్పగలమో, అతడు పోయిన పిమ్మటను అంతే చెప్పుదము.