గిట్టదు అనే మాట

మా తమ్ముని కొడుకు డిగ్రీ పాసయి మూడేండ్లయింది. ఉద్యోగం లేదు. ఒకనాడు పొద్దున్నే తండ్రీకొడుకులిద్దరు మా ఇంటికొచ్చిండ్రు. తమ్ముడు కూసోలేదు. నిలబడే మాట్లాడిండు.

"అన్నా, వీడు చెప్పులు కుడ్తడట. అంగట్ల పెట్టి అమ్ముతడట. అయ్య సామాను అడుగనీకి వచ్చిండు. నువ్వు ఇయ్యకు."

మా అయ్య సచ్చిపోయినంక ఆయన ఆరె, రంపె, చెక్క అచ్చులు నా దగ్గరనే ఉండిపోయినయి. ఎందుకు దాచిపెట్టుకున్ననో నాకే సరిగ తెల్వదు. పిలగాడు తల దించలేదు. "పెద్దనాయినా, తాత చేస్తే లేని తప్పు నేను చేస్తే ఎట్ల తప్పు?" అన్నడు.

పంచాయితీ నన్నే చెప్పుమన్నరు. ముప్పై ఏండ్లు మీటింగుల్లో మాట్లాడినోణ్ణి. కులవృత్తి మీద గంటసేపు ఉపన్యాసం చెప్పగలను. ఆ పొద్దు నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మా అయ్య సంగతి, అంగడి సంగతి చెప్పాలె.

ఊళ్లో మా అయ్య చెప్పులు అమ్మేవాడు కాదు. ఇచ్చేవాడు. రైతుల ఎద్దో బర్రో సస్తే మోసుకొచ్చేది మేము. తోలు ఒలిచి, సున్నంల నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్లల్ల లందలో ఊరేసేది మేము. ఆ తోలుతోనే బావికి మోటబొక్కెన, దాని తొండం, ఎద్దులకు వార్లు, పటేలు ఇంటిల్లిపాదికీ చెప్పులు. దీనికంతటికీ కోతలప్పుడు కళ్లం కాడ కొలిచినన్ని గింజలు. దాన్ని మేర అనేవాళ్లు. ఎంత పనికి ఎంత మేర అని అడిగే నోరు మాకు లేదు. చెప్పు తెగితే కబురొస్తది, పోవాలె. జత నచ్చకపోతే మొఖాన కొడ్తరు, ఇంకో జత కుట్టాలె. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. చెప్పుల జత దాని కిందికి వస్తదని మా ఊళ్లో ఎవరూ అనుకోలేదు. అది వెట్టి కాదు, ఆనవాయితీ అన్నరు.

అంగడి వేరు. ప్రతి బేస్తారం తెల్లారకముందే మా అయ్య గోనెసంచిలో చెప్పుల జతలు కట్టుకొని మూడు కోసుల దూరం నడిచేవాడు. బడి లేనప్పుడు నేను వెంట పోయేది. మేదరోళ్ల గంపలు, కుమ్మరోళ్ల కుండలు, కురుమోళ్ల గొంగళ్లు, ఎరుకలోళ్ల చాటలు, ఎవరి జాగల వాళ్లు కూసునేది. మా జాగ చివరాఖరున, ఎండుచాపల పక్కన, పసుల అంగడికి ఆనుకొని. అంగట్ల అంటు లేదని నేననను. చాయ్ హోటల్లో మాకు వేరే గ్లాసు ఉండేది. చేతికి చేయి తగలకుండా పైసలు పైనుంచి వదిలేటోళ్లు ఉండేటోళ్లు. అయినా అక్కడ ఒక మాట వినపడేది. ఊళ్లో మా అయ్యను ఎవరూ ఎన్నడూ అడగని మాట.

"ఎంతకిస్తవ్?"

మా అయ్య పన్నెండు రూపాయలు అనేవాడు. అవతలోడు ఎనిమిది అనేవాడు. మా అయ్య చెప్పును తిరగేసి, కుట్టు మీద బొటనవేలు ఆనిచ్చి, తల అడ్డంగా ఊపి "గిట్టదు" అనేవాడు. అవతలోడు నాలుగడుగులు పోయి మళ్లొచ్చేవాడు. మా అయ్య మళ్లీ గిట్టదు అనేవాడు. ఊళ్లో వంగిన నడుముతో బాంచెన్ అనే మనిషి ఈడ కాలు మీద కాలేసుకొని గిట్టదు అంటుంటే నాకు వింతగా ఉండేది. అదే మనిషి, అదే తోలు, అదే ఆరె. మారింది ఏందో ఆ వయసుల నాకు అర్థం కాలేదు.

ఒక బేస్తారం పటేలు ఎద్దులు కొనడానికి అంగడికొచ్చిండు. మా దగ్గర ఆగి, అప్పుడే కుట్టిన కిర్రు చెప్పుల జత ఒకటి కట్టె కొనతో చూపించి "ఇవి ఇంటికి పంపురా" అన్నడు. మా అయ్య లేచి నిలబడ్డడు. చేతులు వణుకుతున్నయి, నేను చూసిన. "దొరా, మీ జత ఊళ్లె కుట్టిస్త. ఇవి అంగడివి. పద్నాలుగు రూపాయలు" అన్నడు. చుట్టుపక్కల నలుగురు చూస్తుండ్రు. పటేలు నవ్వి పోయిండు.

ఆ ఏడు కళ్లం కాడ మాకు సగం మేరే కొలిచిండ్రు. "ధర చెప్పేటోనికి మేర ఎందుకు?" అన్నడట. ఆ చలికాలం నూకల గటక తిని ఎల్లదీసినం. మా అవ్వ మా అయ్యను తిట్టని రోజు లేదు. "ఒక్క మాటకు ఆర్నెల్ల కూడు పోగొట్టిండు" అనేది. మా అవ్వ తప్పు మాట్లాడిందని నేను ఇప్పటికీ అనలేను. పిల్లల కడుపు చూసింది ఆమె. మా అయ్య మాత్రం మారు మాట్లాడలేదు. ఆ జతను ఇంకో బేస్తారం పద్నాలుగుకే అమ్మిండు.

తర్వాత నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరిన. అక్కడ అంబేద్కర్‌ను చదివిన. 1936లో లాహోర్ సభ కోసం రాసుకొని, సభవాళ్లు వెనక్కి తగ్గడంతో చదవకుండానే అచ్చు వేయించిన ఉపన్యాసంలో ఆయన, కులం చేసింది పనిని పంచడం కాదు, పనిచేసే మనుషులను విడగొట్టడం అని వాదించిండు. 1927 మార్చిలో మహాద్ సభలో సచ్చిన పశువు మాంసం తినడం మానుమని మనవాళ్లకు చెప్పిండు. అవి చదివి నా ఒళ్లు మండింది. సెలవులకు ఇంటికొచ్చి మా అయ్యతోని అన్న: "ఆ ఆరె బాయిల పారెయ్. ఆ లంద పూడ్చెయ్. అది నీ సంకెల." అప్పటికే మోటలు పోయి కరెంటు మోటర్లొచ్చినయి. షాపుల్లోకి రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులొచ్చినయి. మా అయ్యకు మిగిలింది అంగడి ఒక్కటే. ఆయన నా మాట విని బీడీ ముట్టించుకున్నడు. ఏమీ అనలేదు.

1990లలో పట్నం నుంచి ఒక సంస్థవాళ్లు కార్లో వచ్చిండ్రు. మా అయ్య కుట్టిన చెప్పులు చూసి మెచ్చుకున్నరు. ఆయనను కళాకారుడు అన్నరు. మా వాడలో ఆ మాట పలకడం అదే మొదలు. మా అవ్వ మురిసిపోయింది. ఇరవై జతలు కట్టుకొని మా అయ్య పట్నంల హస్తకళల మేళాకు పోయిండు. పది రోజుల మేళా. నాలుగోనాడే ఇంటికొచ్చిండు.

ఏమయిందని అడిగితే ఒక్కొక్కటే చెప్పిండు. చొక్కా తీసి, తలకు రుమాలు చుట్టి కూసోమన్నరట. వచ్చినోళ్లు చూడనీకి పొద్దంతా ఆరె పట్టుకొని కుడుతనే ఉండాలట. చెప్పుల మీద ధర కాగితాలు వాళ్లే అంటించిండ్రు. ఎవరన్నా ఎంత అనడిగితే కాగితం చూపించాలె గని నోరు తెరవొద్దట. బేరం వచ్చినా ఆయన తల మీది నుంచి వాళ్లూ వీళ్లూ మాట్లాడుకున్నరు. ఎవరో పెద్దమనిషి "ఏ కులం?" అనడిగితే ఈయన మాదిగ అనేలోపే వాళ్లు అందుకొని "సంప్రదాయ చర్మకారులు సార్" అన్నరట.

"అంగట్ల నేను చెప్పులమ్మిన బిడ్డా. ఆడ నన్ను అమ్ముతుండ్రు" అన్నడు.

నాకు లోపల సంబరమయింది. నా వాదం గెలిచిందనుకున్న. "నేను ముందే చెప్పలేదా? ఈ పని ఉన్నన్ని రోజులు గంతే" అన్న. మా అయ్య నా దిక్కు చాలాసేపు చూసిండు.

"నువ్వు గూడ గంతే. పటేలు కుట్టుమన్నడు. వీళ్లు కుట్టి సూపియ్యుమన్నరు. నువ్వు బాయిల పారెయ్యమన్నవు. నాకు గిట్టుతదా లేదా అని మీల ఎవడన్నా అడిగిండా?"

ఆ మాట నాకు ఇరవై ఏండ్లు అరగలేదు. మా అయ్య పోయినంక 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో, సచ్చిన ఆవు తోలు తీస్తున్న మనవాళ్లను బట్టలూడదీసి కొట్టిండ్రు. దాని మీద కోపంతో అక్కడి దళితులు సచ్చిన పశువులను తీసుకుపోయి సర్కారు ఆఫీసు ముందర పడేసిండ్రు. మీ ఆవును మీరే ఎత్తుకోండన్నరు. ఆ ఫొటోలు చూస్తుంటే నాకు మా అయ్య అంగట్ల కూసున్న తీరు యాదికొచ్చింది. వాళ్లు పని వదిలేసిండ్రు, మా అయ్య పని చేసిండు. నేను ఒకటి తిరుగుబాటు, ఇంకొకటి బానిసత్వం అని పంచి పెట్టుకున్న. రెండు తావుల వినపడ్డది మాత్రం ఒక్కటే మాట. గిట్టదు.

విద్యార్థి మిత్రులు నన్నడుగుతుంటరు: మన వృత్తి మీద మనం గర్వపడాల్నా, సిగ్గుపడాల్నా అని. ఆ ప్రశ్నే మనది కాదనిపిస్తది. గర్వపడుమనేటోడు మనల్ని అక్కడనే కూసోబెట్టాలని చూస్తడు. సిగ్గుపడుమనేటోడు మన తాతల చేతుల్లో ఉన్న తెలివిని మనతోనే కాలబెట్టిస్తడు. నేను అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నయి. ఈ పని చేసేటోడు ధర తానే చెప్తుండా? గిట్టదని లేచిపోతే వాని కూడు ఎవడన్నా ఆపుతడా? ఇది అంత గొప్ప కళ అయితే పటేలు కొడుకు ఎన్నడన్నా లంద కాడ కూసున్నడా? ఇప్పుడు హైదరాబాద్‌లో చెప్పుల డిజైన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థే ఉంది. అక్కడ తోలు పట్టుకుంటే చదువు. మా వాడలో పట్టుకుంటే కులం. తోలు ఒకటే. మాకు బయటికి పోయే తొవ్వ లేకుండా, వాళ్లకు లోపలికి వచ్చే అవసరం లేకుండా తలుపేసింది కులం.

పేరు సంగతీ అంతే. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో మన పెద్దలు, ఇంకొకరు పెట్టిన పంచములనే పేరు కాదని ఆది ఆంధ్రులమని పెట్టుకున్నరు. ఈ నేల మొదటి మనుషులం మేమే అన్నరు. మన డక్కలోళ్లు చెప్పే జాంబ పురాణంలోనూ ఆ మాటే ఉంది. మన పేరు మనం చెప్పుకునుడు, మన పనికి ధర మనం చెప్పుడు, రెండూ ఒక్క కొట్లాటే. మేళాలో మా అయ్య నోటికాడి నుంచి ఒక్కసారే ఆ రెండూ గుంజుకున్నరు.

ఇదంతా మనసుల తిరుగుతుంటే మా పిలగాడు ఫోన్ తీసి చూపించిండు. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌ల ప్రాడా కంపెనీ ఫ్యాషన్ షోల నడిపించిన చెప్పులు. అచ్చం కొల్హాపురి చెప్పులే. ధర లక్ష దాటుతదని పేపర్లు రాసినయి. మహారాష్ట్రల, కర్ణాటకల చంభార్లు, సమగారలు తరాల నుంచి కుడుతున్న చెప్పులవి. 2019లోనే ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొదలు కంపెనీ వాళ్ల ఊసే ఎత్తలేదు. గొడవయినంకనే భారతదేశపు చేతిపని నుంచి తీసుకున్నమని ఒప్పుకున్నది. "చూసినవా పెద్దనాయినా, తాత పని లక్షలు చేస్తది" అన్నడు పిలగాడు.

తమ్ముడు అందుకున్నడు. "లక్షలు వానికొస్తయి. నీకొచ్చేది పేరు. బడిల నన్ను చెప్పులోడా అని పిలిచిండ్రు, పదో తరగతి దాంక. నా బిడ్డకు ఆ పేరు రావొద్దనే నేను హమాలీ పనిచేసి చదివించిన." వాని గొంతు పూడుకపోయింది. వాడు చెప్పింది అబద్ధం కాదు. ధర చెప్పినంత మాత్రాన కులం పోదు. పద్నాలుగు రూపాయలిచ్చి కొన్నోడు మా అయ్యను ఇంట్లకు పిలవలేదు. రేపు ఈ పిలగాడు అంగట్ల కూసుంటే వానికి పిల్లనిచ్చే కాడ ఆ మాట లేస్తది. వాని భయానికి నా దగ్గర జవాబు లేదు.

అయినా లోపలికి పోయి పెట్టె తీసిన. సామాను తెచ్చి పిలగాని ముందర పెట్టిన. "నేను ఇయ్యొద్దంటే మీ తాత నన్నడిగిన మాట నువ్వూ అడుగుతవు. తీసుకపో. ధర నువ్వే చెప్పు. లేవాలనిపించిన నాడు లే. ఎవనికోసమూ కూసోకు, నాకోసం గూడ" అన్న. తమ్ముడు చాయ్ ముట్టకుండనే ఎల్లిపోయిండు.

మొన్న బేస్తారం నేను అంగడికి పోయిన. తోలు ఇప్పుడు లందల ఊరేసేటోళ్లు లేరు. పిలగాడు పట్నం నుంచి కొనుక్కొచ్చిండు. ఏడు జతలు పరుచుకొని కూసున్నడు. కుట్టు ఇంకా వంకరనే ఉన్నది. ఒక జత తీసుకొని ఎంతరా అన్న. ఆరు వందలన్నడు. పెద్దనాయినను గదా అనుకొని అయిదు వందల నోటు చేతుల పెట్టిన.

"గిట్టదు పెద్దనాయినా" అన్నడు.

ఇంకో నూరు తీసి ఇచ్చిన. తమ్ముడు మాత్రం ఇంకా మా గడప తొక్కలేదు.