ఆసనమును దీపమును

గృహస్థుడు తన యింటికి వన్నె తేదలచినప్పుడు మొదట దేనినిగూర్చి యాలోచించును? వచ్చిపోవువారు కూర్చుండు చావడినిగూర్చియే. అచ్చట మెత్తని సోఫాలు, గాజుగుత్తుల దీపములు, నగిషీబల్లలు వెలయును. ఆ యింటనే వెనుకవైపున వంటగది యొకటి యుండును. అచ్చట మసకబల్బొకటి, కూర్చుండుటకు పీట యుండిన నుండును, లేకున్న లేదు. కత్తితోడను నిప్పుతోడను పనిచేయువారు రెండవ గదిలోనివారు. వెలుతురు మాత్రము మొదటి గదికి. పెక్కిండ్ల నీ లోపము ధనము లేమివలన గలిగినది కాదు, విచారము లేమివలన గలిగినది. కావున గృహోపకరణముల సౌందర్యము కంటికి మాత్రమే సంబంధించినదా, న్యాయాన్యాయములకు గూడ సంబంధించినదా యని మనము విచారింపవలసియున్నది.

సౌందర్యము భోగమనియు, భోగమునకు నీతితో బనిలేదనియు గొందఱందురు. చాప యుండగా గుర్చీ యేల, ప్రమిద యుండగా వేఱు దీపమేల యని విరక్తులు మఱికొందఱందురు. ఈ రెండు వాదములును ఒక్క సంగతిని మఱచుచున్నవి. ఏ వస్తువైనను ఎవరో యొకరి శరీరమును మనసున నుంచుకొని చేయబడును. ఆ యొకరెవరు? ఈ ప్రశ్న పుట్టినతోడనే యలంకారశాస్త్రము ధర్మశాస్త్రమగుచున్నది.

1859లో మైకేల్ థోనెట్ అను శిల్పి ఆస్ట్రియా సామ్రాజ్యమున బీచి కొయ్యను ఆవిరిలో మెత్తబఱచి వంచి 14వ సంఖ్య కుర్చీని నిర్మించెను. దానికి గావలసినవి 6 కొయ్యముక్కలు, 10 మరలు, 2 నట్టులు మాత్రమే. విడదీసిన కుర్చీలు 36 ఒక ఘనమీటరు పెట్టెలో నిముడును. అందు నగిషీ లేదు. అయినను దానియంద మెల్లవారును మెచ్చిరి. అది కోట్లకొలది యమ్ముడుపోయి, కాఫీశాలలో సామాన్యునికి నిత్యాసనమయ్యెను. తక్కువ పదార్థముతో నెక్కువమందికి విశ్రాంతి కలిగించుటయే దాని సౌందర్యమునకు మూలము.

మన దేశమున గుర్చీ చరిత్రము వేఱు. అది చిరకాలము ఒకరు కూర్చుండుటకంటె నెదుటివారిని నిలువబెట్టుటకే యుపయోగపడినది. దొరవారి యరుగుపై గుర్చీ యొక్కటియే. రైతు నిలువవలయును, కూలివాడు దూరమున నిలువవలయును, కోడలు తలుపుచాటున నిలువవలయును. ఇది గతించిన కథ యని తలంపరాదు. 2020లో తమిళనాడునందలి కడలూరు జిల్లాలో, ప్రజలెన్నుకొనిన పంచాయతీ యధ్యక్షురాలిని, షెడ్యూల్డు కులమునకు జెందినదగుటచే, సమావేశమున నేలపై గూర్చుండబెట్టిరి. తక్కినవారు కుర్చీలపై నుండిరి. అచ్చట లోపించినది కుర్చీ కాదు. చాపయందు దోషము లేదు. అందఱును చాపపై గూర్చుండు నిల్లు, ఒక్కరు సింహాసనముపై నుండి తక్కినవారు నిలుచుండు నింటికంటె సుందరమే.

ఇక దీపము మాట. విద్యుద్దీపములు క్రొత్తగా వచ్చినప్పుడు, బల్బు తీవ్రకాంతి కన్నులను బాధించుట డెన్మార్కు దేశీయుడగు పౌల్ హెన్నింగ్‌సన్ గమనించెను. 1926 ప్రాంతమున ఆయన మూడు గొడుగులను ఒకదానిక్రింద నొకటి యమర్చి, బల్బు నేరుగా గంటబడకుండ, కాంతి గొడుగులపై బడి మృదువుగా వ్యాపించునట్లొక దీపమును గల్పించెను. దీపము తన్ను తాను చూపుకొనుటకు గాదు, ఎదుటి మనుష్యుని ముఖమును చేతిలోని పనిని జూపుటకు. మన చావడులలోని గాజుగుత్తులు ఈ పరీక్షలో నెన్ని నిలుచును?

అదే 1926లో మార్గరెట్ షూటె లిహోట్‌స్కీ యను స్త్రీ, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున శ్రామికుల యిండ్లకొక వంటగదిని రూపొందించెను. కిటికీ క్రింద పనిబల్ల. కూర్చుండి కూరలు తఱుగుటకు దిరుగుపీట. పని యెచ్చటనో యచ్చటికి జరుపుకొనుటకు వీలగు దీపము. అడుగులు తగ్గునట్లు వస్తువుల యమరిక. ఇట్టి వంటగదులు సుమారు 10,000 నిర్మింపబడినవి. వంటచేయుదాని నడుమునొప్పి శిల్పవిద్యకు విషయమయ్యెను.

అయినను ఆ గదిమీద నాక్షేపణ వచ్చెను, అది న్యాయమైనదే. అది యొక్కరికి మాత్రమే చాలినంత యిఱుకుగది. రెండవవారు వచ్చి చేయి కలుపుటకు దావులేదు. కావున స్త్రీ శ్రమ తగ్గినది గాని యా శ్రమ యామెదేయను భావము గోడలతో గట్టిపడినది. ఇందుండి మనము నేర్వవలసినది గలదు. ఉపకరణము కష్టమును దగ్గింపగలదు, పంచిపెట్టజాలదు. పంచిపెట్టవలసినది మనసు. అట్లని కష్టము తగ్గించుటను దూషింపరాదు. మనసు మాఱునంతవఱకు నడుము వంచియే యుండుమని యెవరికి జెప్పుదుము?

ఖర్చు మాట యిప్పుడు పూర్వమంత బలమైనది కాదు. నీలకాంతి నిచ్చు ఎల్‌ఈడీని కనిపెట్టిన మువ్వురికి 2014లో నోబెల్ బహుమానము లభించెను. అట్టి బల్బులు పూర్వపు బల్బులకంటె జాల తక్కువ విద్యుత్తుతో నంతటి వెలుతురు నిచ్చుచున్నవి. థోనెట్ వలెనే విడిభాగములుగా సామానమ్ము ఐకియా సంస్థ 2018లో మన హైదరాబాదుననే భారతదేశమునందలి తన మొదటి యంగడిని దెఱచెను. వస్తువులు వచ్చినవి, వానిని ఏ గదిలో, ఎవరికొఱకుంచుదుమను నిర్ణయము మాత్ర మంగడిలో దొరకదు.

చదువరులారా! ఈ రాత్రి మీ వంటగదిలో గూరలు తఱుగుచోట ఒక్క నిమిషము నిలువుడు. దీపము మీ వెనుక నుండినచో మీ నీడయే కత్తిమీద బడును. ఇన్నేండ్లుగా నింటివా రా నీడలోనే తఱుగుచుండిరి. చావడికి క్రొత్త దీపము కొనుటకు ముందు, ఆ దీపమును వెనుకనుండి ముందునకు మార్చుడు. అచ్చట రెండు పీటలు వేయుడు. ఒకటి వారికి, రెండవది మీకు.