రేపటికి ముందు ఒక మాట

"రేపు వస్తావా?" అని అడిగితే "ఇన్షా అల్లాహ్" అని జవాబొస్తుంది. వెంటనే అడిగినవాడు "అంటే రావన్నమాట" అని తేల్చేసుకుంటాడు. ఈమధ్య ఇలాంటి సంభాషణ విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఎంత బరువైన మాటను ఎంత పలచన చేసుకున్నాం!

అరబీలో అది మూడు పదాల మాట. ‘ఇన్’ అంటే అయితే, ‘షాఅ’ అంటే తలచాడు. మొత్తం కలిపితే ‘అల్లాహ్ తలిస్తే’. చాలామంది శుక్రవారం పారాయణం చేసే కహఫ్ సూరా ఖుర్ఆన్‌లో 18వ అధ్యాయం. ఏ పని గురించీ రేపు చేసేస్తానని ఊరికే అనవద్దనీ, దైవచిత్తాన్ని జోడించి చెప్పమనీ అందులోని 23, 24 ఆయతులు ఆదేశిస్తాయి. మక్కావాసులు అడిగిన ప్రశ్నలకు మరునాడు జవాబిస్తానన్న ముహమ్మద్ ప్రవక్త (స) ఈ మాట జోడించలేదనీ, అందుకే వహీ (దైవవాణి) కొన్నాళ్లు ఆగిందనీ సీరా (ప్రవక్త జీవిత చరిత్ర) గ్రంథాలు చెబుతాయి. సాక్షాత్తు ప్రవక్తకే నేర్పిన మర్యాద ఇది.

ఆ ఆయతులు పని మానుకోమనలేదు. రేపు మన చేతిలో లేదని ఒప్పుకుని మరీ మాట ఇవ్వమన్నాయి.

సాఫ్ఫాత్ సూరాలో ఇబ్రాహీం (అ) తన కల గురించి కొడుక్కి చెబుతారు. కొడుకును బలిస్తున్నట్టు వచ్చిన కల అది. కొడుకు ఇస్మాయీల్ (అ) వెనకాడలేదు. మీకైన ఆజ్ఞ నెరవేర్చండి నాన్నా, అల్లాహ్ తలిస్తే నేను ఓర్పుతో నిలబడతాను అన్నారు. ‘చూద్దాంలే’ అన్న ధ్వని ఆ జవాబులో మచ్చుకైనా లేదు. ప్రాణాన్నే ఒడ్డిన వాగ్దానమది. ఆ ఓర్పు కూడా తన సొంత బలం కాదని ఆ పిల్లవాడికి తెలుసు, అందుకే ఇన్షా అల్లాహ్ అన్నాడు.

ఖలమ్ సూరాలోని తోట యజమానులది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. పేదలు వచ్చి చేయి చాపకముందే, తెల్లారేసరికి పంట కోసేయాలని వాళ్లు ఒట్టేసుకున్నారు. దైవం తలిస్తే అన్న మాటే తలవలేదు. పొద్దున వెళ్లి చూస్తే తోట లేదు. దారి తప్పి వేరే చోటికి వచ్చామేమో అనుకున్నారట.

ఆ మాట బరువెరిగిన మనిషంటే నాకు గుర్తొచ్చేది మా నాన్న బట్టలు కుట్టించే దర్జీ. రంజాన్ నెలలో ఆయన కొట్టు గుడ్డలతో నిండిపోయేది. "ఎప్పటికిస్తారు భాయ్?" అని నాన్న అడిగితే వెంటనే బదులిచ్చేవారు కాదు. మెడలో టేపుతోనే లేచి, కొక్కేనికి వేలాడే జతలు లెక్కపెట్టేవారు. కాజాలు కుట్టే కుర్రాణ్ని అడిగేవారు. చీటీ మీద తేదీ వేసేవారు. ఆ తర్వాతే, "ఇరవై ఏడో రోజాకి, ఇన్షా అల్లాహ్."

ఒక ఏడాది ఆ వారమంతా కరెంటు పోతూ వస్తూ ఉండేది. ఈసారికి కొత్త బట్టలు లేనట్టేనని అమ్మ కూడా అనేసింది. ఇరవై ఏడో రోజా (ఉపవాసం) నాడు, తెల్లవారకముందు సహరీ భోజనం వేళ తలుపు చప్పుడైంది. తీస్తే కాజాల కుర్రాడు. చేతిలో మడతపెట్టిన లాల్చీ. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడి దానికింకా ఆరలేదు.