స్టెప్నీ లేని బండి

ధ్యాన భాగములు: మత్తయి సువార్త 25:1–13, నిర్గమకాండము 16:13–30



పోయిన కోత పండుగ జరిగిన మూడు వారములకు, ఒక ఆదివారము ఆరాధన ముగించి మేము అన్నమునకు కూర్చుండగానే, కనిగిరి వైపున నున్న మా సంఘములలో ఒకదాని నుండి కబురు వచ్చెను. అక్కడి వృద్ధ విశ్వాసి ఒకరు తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించిరి. సాయంత్రము నాలుగు గంటలకు భూస్థాపన. దూరపు చుట్టములు చివరి బస్సుకు తిరిగి పోవలెను గనుక అంతకంటె ఆలస్యమునకు వీలు లేదనిరి. మా సంఘ పెద్ద ఒకరు తన కారు తీసికొనివచ్చిరి. రెండు గంటలకు పొదిలి దాటితిమి.

దాటిన కొంతసేపటికి బండి ఎడమ ప్రక్కకు లాగనారంభించెను. దిగి చూడగా ముందరి ఎడమ టైరు నేలకు అణగిపోయి యున్నది. ఎద్దు లాడము నుండి ఊడిన మేకు ఒకటి అందులో దిగియున్నది. బండిని రోడ్డు దింపి, వెనుక చక్రములకు రాళ్లు పెట్టి, డిక్కీ తెరచితిమి. జాకీ ఉన్నది, పానా ఉన్నది, ఇద్దరము కాలు చేయి ఆడుచున్నవారమే. ఎక్కించుటకు చక్రము మాత్రము లేదు.

అది ఎక్కడ నున్నదో మాకు బాగుగా తెలియును. కోత పండుగకు విశ్వాసులు తెచ్చిన బియ్యపు బస్తాలను, గుమ్మడికాయలను, వేలములో అమ్ముడుపోని అరటి గెలలను ఎక్కించవలసి వచ్చినప్పుడు, డిక్కీలో చోటు చాలక స్టెప్నీని తీసి మందిరపు వసారాలో గోడకు ఆనించితిమి. బస్తాలు దిగినవి గాని స్టెప్నీ ఎక్కలేదు. మూడు వారములుగా ఆదివారపు బడి పిల్లలు దానిమీద కూర్చుండి ఆడుకొనుచున్నారు. ఆ దినము బయలుదేరునప్పుడు కూడ అది మా కంటబడినది. “వచ్చాక పెడదాములెండి అయ్యగారూ, దేవుడు చూసుకుంటాడు” అని పెద్దగారు అనిరి. మేము ఆమేన్ అంటిమి.

ఆ ఆమేన్‌ను గూర్చియే ఈ నెల కొంత వ్రాయదలచితిమి.

రోడ్డుకు ఇరువైపుల సర్కారు తుమ్మ తప్ప మరేమియు లేదు. మాకు తెలిసిన పంచరు అతనికి ఫోను చేయగా అతడు ఊరిలో లేడు. గాలి లేని టైరుమీదనే మెల్లగా పోదమా అని పెద్దగారు అడిగిరి. అట్లు పోయినయెడల ఇనుప అంచు టైరు ప్రక్కలను కోసివేయును. చిన్న రంధ్రముతో పోవు నష్టము టైరునే పోగొట్టును. పూర్వము మోటారువారు ట్యూబు చినిగినప్పుడు టైరులో గడ్డి కూరి నడిపెడివారని వినియున్నాము గాని, అక్కడ గడ్డి కూడ లేదు.

గంట సేపు గడచిన తరువాత ఎదురుగా పొదిలి వైపు పోవుచు మా బండి వంటి బండియే ఒకటి వచ్చెను. చేయి ఎత్తగా ఆపిరి. నడుపుచున్నాయన నలుబది ఏండ్లవాడు. వెనుక సీటులో ఒక ముసలాయన కోడలి ఒడిలో తల పెట్టుకొని ఎగశ్వాసతో ఉన్నాడు. “సారూ, స్టెప్నీ ఉంటే ఇప్పించండి. రాత్రికల్లా మీ ఇంటికి చేరుస్తాము. అక్కడ శవం ఎదురుచూస్తా ఉంది” అని అడిగితిమి. ఆయన మమ్మును, టైరును, వెనుక సీటును చూచి, “ఏమీ అనుకోబాకండి అయ్యగారూ. నాయనకు ఆయాసం, ఒంగోలు తీసకపోతా ఉండాను. మీకిచ్చినాక తోవలో నా టైరు పోతే నేనేం చేసేది? ఆ మేకు మాత్రం పీకబాకండి, ఉండేది కూడా పోతుంది” అని చెప్పి వెళ్లిపోయెను.

పెద్దగారు ఆ దుమ్ము వైపు చూచి, “లేవీయుడు. ప్రక్కగా పోయినాడు” అనిరి. మేము కాదనలేదు. నిజము చెప్పవలెనంటే, మా మనస్సులో లూకా సువార్త పదియవ అధ్యాయము మీద ఒక ప్రసంగము అప్పటికే సగము తయారైనది. దానిలో దొంగల చేత చిక్కినవాడము మేమే. లేఖనములలోని పాత్రలను పంచిపెట్టునప్పుడు మంచి పాత్రను మాకుంచుకొనుట మా వృత్తిలోనివారికి అలవాటు.

మరి ముప్పావు గంటకు ఒక పిల్లవాడు మోటారు సైకిలుమీద సంచితో వచ్చెను. పట్టుకారుతో మేకు లాగి, రంధ్రమును ఆకురాయి వంటి సూదితో గీకి, జిగురు పూసిన రబ్బరు పట్టీని అందులో గుచ్చి, బయటి కొస కోసి, చిన్న పంపుతో గాలి కొట్టి, నీళ్లు పోసి బుడగలు రావటము లేదని చూపించెను. అంతయు పావు గంట పని. ఎవరు పంపిరని అడిగితిమి. “ఒంగోలు పోయే సారు. కొట్టు మూసి ఉంటే మా ఇల్లు కనుక్కొని వచ్చి, నిద్రపోతా ఉంటే లేపినాడు. బండిలో ముసలాయన ఉండాడు గూడా” అని వాడు చెప్పెను.

పెద్దగారు మాటలాడలేదు. మేమును మాటలాడలేదు. బండి నడచుచుండగా మాకు జ్ఞాపకము వచ్చినది సమరయుని కథ కాదు, పదిమంది కన్యకల ఉపమానము.

ఆ ఉపమానమును బోధించుట మాకు ఎప్పుడును కష్టముగానే ఉండెను. వేదశాస్త్ర పాఠశాలలో చదువునాడు మేము ఆచార్యులను అడిగిన ప్రశ్న ఇదే: రెండు అంగీలు గలవాడు ఒకటి ఇయ్యవలెనని యోహాను బోధించెను గదా, అడిగినవానికి ఇయ్యుమని ప్రభువే చెప్పెను గదా, మరి నూనె ఇయ్యమన్నవారిని బుద్ధిగలవారని ఆయన ఏల మెచ్చుకొనెను? వారు ఇచ్చిన సమాధానములో ఒక సంగతి మాకు నిలిచిపోయినది. మన గ్రంథములో దివిటీ అని తర్జుమా చేయబడినది గ్రీకులో లంపాస్ అను మాట. అది గుడ్డ చుట్టి నూనెలో తడిపి వెలిగించెడి కాగడాకు చెల్లు మాట. కాగడా ఎక్కువ సేపు వెలుగదు. మరల మరల తడుపవలెను. ఉన్న నూనెను పది భాగములు చేసినయెడల అయిదు కాగడాలు కాదు, పదియు నడిదారిలో ఆరిపోవును. పెండ్లికుమారుడు చీకటిలో నడువవలసివచ్చును. ఆ నూనె కన్యకలు తమ సుఖము కొరకు దాచుకొన్నది కాదు, పెండ్లికుమారుని త్రోవ కొరకు మోసికొనివచ్చినది.

ఆ కారులోని స్టెప్నీ కూడ ఆ కుమారునిది కాదు. వెనుక సీటులో ఊపిరికి ఎగబ్రాకుచున్న ముసలాయనది. దానిని దానము చేయుటకు కుమారునికి అధికారము కలదా? తనది ఇచ్చుట ధర్మము. తన తండ్రి ఊపిరిని ఇచ్చి మంచివాడనిపించుకొనుట ఏమి ధర్మము?

ఇక్కడ ఒక చదువరి మమ్మును ఆపి, సారెపతు విధవరాలి మాటేమి అని అడుగవచ్చును. ఆమె తన కుమారుని కడపటి రొట్టెకు ఉంచిన పిండితోనే ఏలీయాకు మొదట చేసిపెట్టెను. బుడ్డిలో నూనె తక్కువ కాలేదు. నిజమే. ఈ ప్రశ్నను మేము చాల దినములు త్రిప్పి చూచితిమి. ఏలీయా అడిగినప్పుడు యెహోవా మాటను చేతబట్టుకొని అడిగెను. పిండి తక్కువ కాదని ముందుగా వాగ్దానమిచ్చెను. మా చేతిలో అట్టి వాగ్దానము లేదు. మూడు వారముల సోమరితనము మాత్రము ఉన్నది. ఆ విధవరాలి కథను ఇచ్చువాడు తనకు తాను చెప్పుకొని ఇయ్యవచ్చును. అడుగువాడు దానిని ఎదుటివాని మీద ప్రయోగించరాదు. చందాలు వసూలు చేయునప్పుడు మేము కూడ ఈ తప్పు చేసియున్నాము.

ఆ మనుష్యుడు చేసిన పనిని ఉపమానముతో సరిచూచినయెడల అతడు బుద్ధిగల కన్యకలను మించినవాడు. అమ్మువారియొద్దకు పొండని వారు చెప్పిరి. ఇతడు తానే అమ్మువాని ఇల్లు వెదకి, నిద్ర లేపి, పంపెను. ఆయాసముతో నున్న తండ్రిని బండిలో ఉంచుకొని ఆ కొన్ని నిమిషములు ఇచ్చెను. అడిగినది ఇయ్యలేకపోయినవాడు ఇయ్యగలిగినది వెదకెను.

ఇక పెద్దగారి మాట, మా ఆమేన్. రేపటిని గూర్చి చింతింపవద్దని ప్రభువు కొండమీద బోధించిన దానిని మన పల్లెలలో చాలమంది స్టెప్నీ వసారాలో వదలిపెట్టుటకు వాడుచున్నారు. ఇన్సూరెన్సు కట్టుట అవిశ్వాసమనువారు, పిల్లలకు టీకా వేయించుట అవిశ్వాసమనువారు మా సంఘములలోనే ఉన్నారు. వారికి మేము మన్నా సంగతి చెప్పుచుందుము. నిర్గమకాండము పదునారవ అధ్యాయములో ఇశ్రాయేలీయులు మన్నాను ఉదయము వరకు ఉంచుకొనగా అది పురుగు పట్టి కంపు కొట్టెను. దాచుకొనుట పాపమని అక్కడ ఆపివేయువారు తరువాతి వచనములు చదువరు. ఆరవ దినమున ఒక్కొక్కరికి రెండేసి ఓమెరులు కూర్చుకొనవలెను. విశ్రాంతి దినమునకు ఉంచుకొనవలెను. ఆ రాత్రి అది కుళ్లలేదు. అదే మన్నా, అదే కుండ. అయిదు దినములు ఉంచుకొన్నవాడు అవిధేయుడు, ఆరవ దినము ఉంచుకొననివాడు అవిధేయుడు. ఏడవ దినమున ఏరుకొనుటకు వెళ్లినవారికి ఏమియు దొరకలేదు. వారు తోవలో “దేవుడు చూచుకొనును” అని అనుకొనియే వెళ్లియుందురు.

దేవాలయ శిఖరము మీద నుండి దుముకుమని, దూతలు పట్టుకొందురని వాగ్దానము చూపినవాడు ఎవడో మనకు తెలియును. మెట్లు ఉన్నప్పుడు మెట్లు దిగవలెను.

ఈ స్టెప్నీ అను మాట ఎక్కడ నుండి వచ్చినదో చదివినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది. డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండి కొరకు గాలి టైరు చేసి 1888లో పేటెంటు పొందెను. ఆ తరువాత చాల సంవత్సరములు మోటారులకు అదనపు చక్రము లేకనే ఉండెను. గుర్రపు లాడముల మేకులు రోడ్ల మీద పడియుండగా, ప్రయాణికులు తోవ ప్రక్కనే కూర్చుండి టైరు విప్పి మరమ్మతు చేసికొనవలసివచ్చెడిది. 1904లో వేల్సు దేశమున లనెల్లి పట్టణములో డేవీస్ సోదరులు, పాడైన చక్రమునకే బిగించుకొనదగిన అదనపు చక్రమును కనిపెట్టిరి. వారి దుకాణము స్టెప్నీ వీధిలో ఉండెను. ఆ వీధి పేరు మన పొదిలి మెకానిక్కు నోట ఇప్పటికిని ఉన్నది. ఇప్పుడు కొన్ని కార్లు స్టెప్నీ లేకనే వచ్చుచున్నవి. 2020లో ప్రభుత్వము నియమములు సవరించి దానికి అనుమతించెను. అయితే ఊరకనే కాదు. టైరులో గాలి తగ్గినప్పుడు తెలుపు సాధనమును, ట్యూబు లేని టైరుకు మరమ్మతు సామానును ఉండవలెను. చక్రము మోయనక్కరలేదు గాని సిద్ధపాటు మోయవలెను. ఆ పిల్లవాని సంచిలో నున్నదంతయు ఒక చిన్న డబ్బాలో పట్టును. పెద్దగారు మరునాడే ఒకటి కొనిరి.

మేము ఆ పల్లె చేరునప్పటికి ఆరు గంటలు దాటి చీకటి పడినది. సమాధి మూసియుండిరి. మంటి మీద బంతిపూలు. మిషను బడిలో చదివి అదే ఊరిలో ముప్పది యేండ్లు పాఠము చెప్పిన టీచరమ్మ ఒకరు, డెబ్బది దాటినావిడ, వాక్యము చదివి ప్రార్థన చేసి జరిగించిరట. ఆ సంఘములో మేము పదకొండేండ్లుగా కాపరిగా నున్నాము. ఇట్టి పనిని ఆమెకు గాని మరెవ్వరికి గాని మేము ఒక్కసారియైనను నేర్పలేదు. ఆమె తానే చూచి నేర్చుకొనిరి. కాపరి లేక భూస్థాపన ఏమిటని తరువాత కొందరు గొణిగిరి. మేము మాత్రము ఆమెకు నమస్కరించి, క్రమ గ్రంథము ఒకటి ఆమె చేతిలో పెట్టి వచ్చితిమి.

పోయినవారి భార్య గుమ్మములో కూర్చుండియుండెను. “టైరు పోయింది అమ్మా” అని మేము ప్రారంభించితిమి. స్టెప్నీ సంగతి చెప్పుటకు నోరు రాలేదు. ఆమె, “పోయేముందు మూడు సార్లు మీ పేరు అడిగినాడయ్యా. అయ్యగారు వచ్చి పాట ఎత్తుతాడు అన్నాడు” అనెను. అప్పుడు స్టెప్నీ సంగతి చెప్పితిమి. వసారా, పిల్లలు, మూడు వారములు, అంతయు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “ఇప్పుడన్నా ఎత్తండయ్యా” అనెను. లాంతరు పట్టుకొని సమాధియొద్దకు వెళ్లి పాడితిమి. పెద్దగారి గొంతు మధ్యలో తెగిపోయినది.

మరునాడు ఆ పంచరు పిల్లవానికి ఫోను చేసి, ఒంగోలు పోయినాయన ఎవరని అడిగితిమి. వానికి తెలియదు. మేము ఆయన పేరు అడుగలేదు. స్టెప్నీ మాత్రమే అడిగితిమి. ఆ ముసలాయన ఆసుపత్రి నుండి తిరిగి ఇంటికి వచ్చెనో లేదో మాకు తెలియదు. బుధవారపు ప్రార్థన కూటములో “ఆ బండిలోని తండ్రి కొరకు” అని ఇప్పటికిని ప్రార్థించుచున్నాము.