అయ్యగారి కోసం ఎవరు ప్రార్థిస్తారు?

ఆదివారం ఆరాధన ముగిసి ఆశీర్వాదం చెప్పాక మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల పాస్టరు గారి ముందు ఒక వరుస తయారవుతుంది. ఒకరి చేతిలో నూనె సీసా, ఇంకొకరి చేతిలో ఇంటర్ హాల్ టికెట్, మరొకరి చేతిలో కొత్త బండి తాళాలు. చంటిబిడ్డల తల్లులు, రేపు ఆపరేషన్ ఉన్నవాళ్లు, కోర్టు వాయిదా దగ్గరపడినవాళ్లు. ఆయన అందరి తలల మీదా చెయ్యి పెడతారు, అందరి పేర్లూ ఎత్తి దేవుణ్ణి అడుగుతారు. వరుస అయిపోయాక ఆయన కోసం ప్రార్థించేవాళ్లు ఎవరూ మిగలరు. మిగలాలన్న ఊహ కూడా చాలామందికి రాదు. ప్రార్థన అయ్యగారి నుంచి విశ్వాసి వైపుకే సాగుతుందని ఎవరూ బోధించకుండానే నమ్మేశాం. దీన్ని కాపరి మీద గౌరవం అనుకుంటాం గానీ, దీని అడుగున ఒక తప్పు సిద్ధాంతం ఉందని నా అభిప్రాయం. సంఘ నాయకుల కోసం ప్రార్థించమనడం వాళ్ల అలసట చూసి జాలిపడమనడం కాదు. ఈయనా మనలాగే కృప మీద బతికే మనిషేనని సంఘం నోరు తెరిచి ఒప్పుకునే పద్ధతి అది. ఆ ఒప్పుకోలు లేనిచోట కాపరి మెల్లమెల్లగా దేవుడికీ మనిషికీ మధ్య వెళ్లి నిలబడతాడు.

ఈ విషయం రాగానే ప్రసంగీకులు రెఫీదీముకు వెళ్తారు. అమాలేకీయులతో యుద్ధం, బరువెక్కిన మోషే చేతులు, వాటిని ఎత్తిపట్టిన అహరోను, హూరు. మంచి ఉదాహరణే, అయితే అక్కడ చేతులు పట్టుకున్న ఇద్దరూ పెద్దలే. పౌలు దగ్గర సంగతి ఇంకా సూటిగా ఉంటుంది, ఎందుకంటే ఆయన అడిగింది మామూలు విశ్వాసులను. థెస్సలొనీకలో సంఘం పుట్టి ఎంతో కాలం కాకముందే మా కోసం ప్రార్థించండని వాళ్లకు రాశాడు. తన అపొస్తలత్వాన్నే శంకిస్తున్న కొరింథీయులకు, మీ ప్రార్థన మాకు సహాయమని చెప్పాడు. క్రీ.శ. 57 ప్రాంతంలో రోమీయులకు రాసేనాటికి ఆయన ఆ సంఘాన్ని స్థాపించినవాడూ కాదు, ఆ ఊరు చూసినవాడూ కాదు. అంత పెద్ద సిద్ధాంతాన్ని విడమరచి చెప్పిన మనిషి, పదిహేనో అధ్యాయం చివరికి వచ్చేసరికి, తనతో కలిసి ప్రార్థనలో పోరాడమని వాళ్లను బతిమాలుకున్నాడు. మూడు సంగతులు అడిగాడు. యూదయలోని అవిశ్వాసుల చేతిలోంచి తాను తప్పించుకోవాలి. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసి తీసుకెళ్తున్న చందాను వాళ్లు కాదనకుండా పుచ్చుకోవాలి. ఆ తర్వాత తాను సంతోషంగా రోముకు రావాలి. వీటిలో రెండోదాని దగ్గర కాసేపు ఆగాలి. బయటి శత్రువుల భయం ఏ నాయకుడైనా చెప్పుకుంటాడు. సొంత విశ్వాసులే తన చేతి సాయం తోసిపుచ్చుతారేమోనన్న భయాన్ని దూరాన ఉన్నవాళ్ల ముందు విప్పి చెప్పుకోవడం అంత తేలిక కాదు. పౌలు చెప్పుకున్నాడు. తన పరువు కంటే వాళ్ల ప్రార్థన ముఖ్యమనుకున్నాడు కాబట్టే చెప్పుకోగలిగాడు.

మరి ఆ ప్రార్థన ఏమైంది? అపొస్తలుల కార్యములలో లూకా కష్టాలేవీ దాచలేదు. యెరూషలేము దేవాలయంలో జనం పౌలు మీద పడి చంపబోతుంటే రోమా సైనికులు వచ్చి లాక్కుపోయారు. తప్పించుకున్నాడు, సంకెళ్లతో. కైసరయలో రెండేళ్లు ఖైదు. చందా ఏమైందో లూకా దాదాపు ఎత్తనే లేదు. ఆపైన తుఫాను, మెలితే దగ్గర ఓడ బద్దలవడం, చివరికి ఖైదీగా రోము దారి. ప్రార్థిస్తే చాలు అనుకున్నదంతా జరిగిపోతుందని చెప్పేవాళ్లకు మింగుడుపడని జవాబు ఇది. అంతకుముందు హేరోదు యాకోబును కత్తితో చంపించాడు, పేతురు మాత్రం చెరలోంచి బయటపడ్డాడు. యాకోబు కోసం సంఘం ప్రార్థించలేదని ఎవరనగలరు? పేతురు కోసం ప్రార్థించినవాళ్లయినా ఏమంత గట్టి నమ్మకంతో ఉన్నారు గనక! ఆయన వచ్చి తలుపు తడుతున్నాడని రొదే అనే చిన్నది చెబితే, నీకు పిచ్చెక్కిందన్నారు. కాబట్టి నాయకుల కోసం చేసే ప్రార్థన వాళ్లకు కష్టం రాకుండా చేసే రక్షరేకు అన్న వాదన నిలబడదు. అయితే ఇంకొకటి జరిగింది. పౌలు వస్తున్నాడని విని రోములోని సహోదరులు అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రముల దాకా ఎదురు వచ్చారు. ఆ సంతపేట రోముకు 60 కిలోమీటర్ల పైనే. వాళ్లను చూసి పౌలు దేవునికి కృతజ్ఞత చెప్పి ధైర్యం తెచ్చుకున్నాడని లూకా రాశాడు. ఉత్తరం అందిన కొన్నేళ్ల తర్వాత, ఒక ఖైదీ కోసం అంత దూరం ఎదురెళ్లారంటే వాళ్లు ఆ విన్నపాన్ని చదివి మడిచి పెట్టలేదని అనుకోవడానికి వీలుంది. ఒకరి కోసం రోజూ దేవుణ్ణి అడిగేవాడికి ఆ మనిషి పరాయివాడుగా మిగలడు.

ఇక సిద్ధాంతం దగ్గరికి వద్దాం. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా సంఘం రెండుగా చీలి ఉన్నప్పుడు, దోనాతు వర్గానికి చెందిన కార్తేజ్ బిషప్ పర్మేనియన్, బిషప్పే ప్రజలకూ దేవునికీ మధ్యవర్తి అన్నట్టు రాశాడు. సుమారు క్రీ.శ. 400లో దానికి జవాబిస్తూ అగస్టీను పౌలు విన్నపాలనే సాక్ష్యంగా నిలబెట్టాడు. పౌలు మధ్యవర్తి అయితే తన కోసం ప్రార్థించమని జనాన్ని ఎందుకు అడుగుతాడు? క్రైస్తవులంతా ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకోవలసినవాళ్లే. అందరి కోసం విజ్ఞాపన చేస్తూ, ఎవరి విజ్ఞాపనా అక్కర్లేనివాడు క్రీస్తు ఒక్కడే, మధ్యవర్తి ఆయనే. పదహారో శతాబ్దంలో కాల్విన్ కూడా ఈ వాదననే ఎత్తి చూపాడు. దీన్ని మన సంఘాలకు పెట్టి చూసుకోవచ్చు. కాపరిని ఎక్కడ కూర్చోబెట్టామో తెలియడానికి ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో ఎంత పెద్దదో కొలవక్కర్లేదు. ఆయన కోసం సంఘం ప్రార్థిస్తోందా, తన కోసం ప్రార్థించమని ఆయన అడుగుతున్నారా అన్నది చూస్తే చాలు. 2013 మార్చి 13 రాత్రి, కొత్తగా ఎన్నికైన పోప్ ఫ్రాన్సిస్ బాల్కనీలోకి వచ్చి, ప్రజలను ఆశీర్వదించే ముందు, నన్ను ఆశీర్వదించమని మీరు ప్రభువును అడగండని వాళ్లనే కోరి, తల వంచి మౌనంగా నిలబడ్డారు. పోపు అధికారాన్ని ఒప్పుకోని ప్రొటెస్టెంటుకు కూడా ఆ వరసలోని వేదాంతంతో పేచీ ఉండనక్కర్లేదు.

కాపరి అవసరం దేవుడికి తెలియదా, మనం చెప్పడమెందుకు అనే ప్రశ్న ఉంది. అది ప్రార్థనలన్నిటికీ వర్తించే ప్రశ్న, మన పిల్లల జ్వరం దగ్గర ఎవరికీ గుర్తురాదు. పౌలు కొరింథీయులకు ఇచ్చిన కారణం మాత్రం చెప్పుకోదగ్గది. అనేకులు అడిగితే, దొరికిన మేలుకు అనేకులు కృతజ్ఞత చెబుతారు. ఆ పరిచర్య ఒక్క మనిషి ఘనతగా మిగలదు.

దీనికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. కానుకల డబ్బు సొంతానికి వాడుకున్నవాళ్ల కోసం, నమ్మి వచ్చినవాళ్లను చెరిచినవాళ్ల కోసం ప్రార్థించాలా? ప్రార్థించాలి, కానీ ప్రార్థనతో తప్పును కప్పకూడదు. అభిషిక్తుణ్ణి ముట్టకూడదన్న మాటను అడ్డం పెట్టుకుని, అయ్యగారిని వేలెత్తి చూపితే శాపం తగులుతుందని బెదిరించడం మన దగ్గర మామూలైపోయింది. ఆ మాటకు ఆధారంగా చూపే దావీదు, గుహలో సౌలును చంపలేదు నిజమే. అయితే వెనకాలే బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగు చూపించి, నువ్వు చేస్తున్నది అన్యాయమని అందరూ వినేలా రాజు ముఖం మీదే చెప్పాడు. తన కోసం ప్రార్థించమన్న పౌలే, పెద్దల మీద ఇద్దరు ముగ్గురు సాక్షులతో ఫిర్యాదు వస్తే విని, పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించమని తిమోతికి రాశాడు. అంతియొకయలో పేతురును ముఖాముఖి నిలదీశాడు. నేరమైతే పోలీసు స్టేషనుకు వెళ్లాలి, లెక్కల్లో తేడా అయితే కమిటీ ముందు పెట్టాలి. మీ ఆత్మల విషయంలో లెక్క చెప్పవలసినవాళ్లని నాయకుల గురించి హెబ్రీయుల పత్రిక అంటుంది. ఆ లెక్క అడిగే సంఘమూ వాళ్ల కోసం ప్రార్థించే సంఘమూ ఒకటే కావాలి. తప్పు బయటపడ్డాక పెట్టే ఉపవాస ప్రార్థన కంటే, ఏ తప్పూ లేని రోజుల్లో వారం వారం చేసేది ఎక్కువ పనికొస్తుంది.

ఏమని అడగాలి? చెరలో ఉండి ఎఫెసీయులకు రాసినప్పుడు పౌలు ధైర్యంగా మాట్లాడే నోరు అడిగాడు, కొలొస్సయులను వాక్యానికి తలుపు తెరుచుకోవాలని అడగమన్నాడు. క్రమం ప్రకారం ఆరాధించే సంఘాల్లో ఇది పుస్తకంలోనే ఉంటుంది. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలో బిషప్పులకూ సేవకులకూ విడిగా ప్రార్థన ఉంది, కథోలికులు ప్రతి పూజలో పోపునూ తమ బిషప్పునూ పేరుపెట్టి తలుచుకుంటారు. పుస్తకం లేని సంఘాల్లో పాస్టరు గారు తనంతట తానే అడగాలి, అడగడానికి మొహమాటం. ప్రార్థనాంశాలు చదివేదీ ఆయనే కాబట్టి తన పేరు వదిలేస్తారు. ఆ జాబితా ఇంకెవరైనా చదవడం మొదలుపెడితే ఈ చిక్కు తీరుతుంది. అప్పుడు దైవజనుణ్ణి బలంగా వాడుకో ప్రభువా అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, ఈ వారం వాక్యం సిద్ధపడడానికి తీరిక దొరకని సంగతి, బీపీ మాత్రలు, అర్ధరాత్రి చావు కబుర్లకు లేచి వెళ్లే అలసట, పాస్టరమ్మ గారి ఒంటరితనం, అబ్బాయి కాలేజీ ఫీజు కూడా పేరుపెట్టి చెప్పవచ్చు. ఇందులో ఒక ఇబ్బంది లేకపోలేదు. ఆ ఫీజు కోసం ఆదివారం కళ్లు మూసుకుని ప్రార్థించిన కమిటీ పెద్దలు, మూడు నెలలుగా ఇవ్వని జీతం సంగతి ఆ మధ్యాహ్నమే మాట్లాడుకోవలసి వస్తుంది.